నాలుగు కోట్ల అంకెల మీద నా గొడవ

2^136279841 − 1. ఇది ప్రధాన సంఖ్య అని 2024 అక్టోబరులో తేలింది. రాసుకుంటూ పోతే 4,10,24,320 అంకెలు. తెలిసిన ప్రధాన సంఖ్యల్లో అప్పటికి ఇదే పెద్దది. వార్త రాసిన చాలామంది పొడుగు చూసి నోరెళ్లబెట్టి, చివర్లో "ఆన్‌లైన్ లావాదేవీల భద్రతకు ఇలాంటివే ఆధారం" అని ఒక ముక్క అతికించి చేతులు దులుపుకున్నారు. ఆ ముక్క చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది.

ఆన్‌లైన్ సమాచారాన్ని రహస్యంగా ఉంచే పద్ధతుల్లో ఆర్‌ఎస్‌ఏ ఒకటి. 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏ తాళానికి కావలసింది ఒక్కొక్కటి సుమారు 308 అంకెలుండే రెండు ప్రధాన సంఖ్యలు. అవి ఏవో బయటివాళ్లకి తెలియకూడదు. లోకమంతా టముకు వేసిన సంఖ్యతో రహస్యం ఎలా దాస్తారండీ? ఈ సంఖ్య ఆ పనికి రాదు. రాదని చెప్పడానికి అంత మొహమాటం దేనికి?

అసలు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. అంత పెద్ద సంఖ్యని దేనితోనూ భాగించి చూడకుండా, ప్రధానమని ఎలా చెప్పారు?

లూకాస్–లేమర్ పరీక్షతో. 4తో మొదలుపెట్టండి. వర్గం చేసి 2 తీసెయ్యండి. వచ్చినదాన్ని మన సంఖ్యతో భాగించి శేషం మాత్రం ఉంచుకోండి. మళ్లీ అదే పని. ఘాతం (2 మీద ఉన్న అంకె) కంటే రెండు తక్కువ సార్లు చేశాక సున్నా మిగిలితే ప్రధానం, లేకపోతే కాదు. 2^5 − 1, అంటే 31తో చేసి చూడండి: 4 నుంచి 14. 14 నుంచి 194, శేషం 8. 8 నుంచి 62, శేషం సున్నా. మూడు అడుగుల్లో అయిపోయింది! మన పెద్ద సంఖ్యకీ ఇదే పద్ధతి, కాకపోతే 13,62,79,839 అడుగులు. (ఘాతం ప్రధానమైతే చాలనుకోకండి. 11 ప్రధానమే, కానీ 2^11 − 1 అంటే 2047, అది 23 × 89.)

ఈ దారి చూపిన ఫ్రెంచి గణితజ్ఞుడు లూకాస్ 1876లోనే 2^67 − 1 ప్రధానం కాదని తేల్చాడు. కారణాంకం మాత్రం ఒక్కటీ చూపలేదు. అది 193707721 × 761838257287 అని అమెరికా గణితజ్ఞుడు కోల్ బయటపెట్టింది 1903లో. విరుగుతుందని ముందే తెలుసు, ఎక్కడ విరుగుతుందో మాత్రం 27 ఏళ్లదాకా తెలీదు. నన్నడిగితే నాలుగు కోట్ల అంకెల కంటే వింతైన సంగతి ఇదే, అయినా ఏ వార్తలోనూ కనిపించదు.

ఇంకో చిరాకు. "52వ మెర్సెన్ ప్రధాన సంఖ్య" అని బల్లగుద్దినట్టు రాసేస్తారు. (2కి ఏదో ఘాతం వేసి 1 తీసేస్తే వచ్చే ప్రధాన సంఖ్యనే మెర్సెన్ ప్రధానం అంటారు.) దొరికినవాటిలో 52వది, అంతే. దొరికేనాటికి దానికంటే చిన్న ఘాతాలన్నిటినీ సరిచూడటం పూర్తి కాలేదు. ఇలా వరస తప్పడం ముందూ జరిగింది: 2008 ఆగస్టులో 43112609 ఘాతం దొరికింది. దానికంటే చిన్నవి రెండు ఆ తర్వాతే బయటపడ్డాయి: 37156667 మరుసటి నెలలో, 42643801 2009లో.