పాత కోడ్ తెచ్చుకుంటే పాత అనుభవం వచ్చేయదు

"పాత ప్రాజెక్టులో ఏళ్ల తరబడి నడిచిన కోడ్ ఉంది కదా, అదే తెచ్చి వాడితే సరి. నోట్సు రాయడం దండగ. కోడ్ చదివితే అన్నీ తెలుస్తాయి, తెలియకపోతే సీనియర్లున్నారు." సాఫ్ట్‌వేర్ వాళ్ల గ్రూపుల్లో తరచూ తిరిగే మాట ఇది. ఇందులో ఏ ముక్కా నిలబడదు.

'నడిచిన కోడే కాబట్టి నమ్మొచ్చు' అంటారు. 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలో తొలిసారి ఎగిరిన ఏరియన్-5 రాకెట్ దాదాపు 40 సెకన్లకే పేలిపోయింది. నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలు దాంతోపాటే పోయాయి. రాకెట్ దిశనూ కదలికనూ లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ ఏరియన్-4 నుంచి తెచ్చిందే. అక్కడ అది ఇలా మొరాయించలేదు. ఏరియన్-5 మాత్రం మొదట్లోనే అడ్డంగా చాలా ఎక్కువ వేగం అందుకుంటుంది. ఆ వేగానికి సంబంధించిన 64 బిట్ల విలువ 16 బిట్ల పూర్ణాంకంలో పట్టలేదు. ఆ లెక్క కట్టే ప్రధాన కంప్యూటర్లోనూ, దాని స్పేర్‌లోనూ అదే కోడ్ కాబట్టి రెండూ ఆగిపోయాయి. అన్నిటికంటే బాధ కలిగించేది, రాకెట్ లేచాక ఏరియన్-5కి ఆ లెక్కతో పనే లేదు! కౌంట్‌డౌన్ చివర్లో ఆగితే త్వరగా మళ్లీ మొదలుపెట్టడానికి పాత రాకెట్లో చేసుకున్న ఏర్పాటు అది.

'కోడ్ చదివితే తెలుస్తుంది' అనేదానికీ జవాబు అక్కడే ఉంది. ఇలా ఓవర్‌ఫ్లో అయ్యే, అంటే విలువ ఇచ్చిన చోట పట్టకపోయే ప్రమాదమున్న 7 వేరియబుల్స్‌లో (కోడ్‌లో విలువలు ఉంచే చోట్లు) 4 వాటికే రక్షణ పెట్టారు. కంప్యూటర్ మీద భారం 80 శాతం దాటకూడదన్న లక్ష్యంతో, హద్దు మీరవనుకున్న మూడింటిని వదిలేశారు. ఏరియన్-4 వరకూ ఆ అంచనా సరైనదే. కానీ అలా వదిలేయడానికి కారణం సోర్స్ కోడ్‌లో రాసి లేదనీ, పత్రాల కుప్పలో మరుగున పడిందనీ విచారణ బోర్డు తేల్చింది. 'ఏరియన్-4 మార్గానికే ఇది వర్తిస్తుంది' అని ఆ లైను పక్కన ఉంటే, తెచ్చుకున్నవాళ్లు కనీసం ఆగి చూసేవాళ్లు.

'ఇన్నాళ్లూ ఎర్రర్ రాలేదు' అనేది ఇంకో భ్రమ. థెరాక్-25 రేడియేషన్ యంత్రంలో థెరాక్-20 సాఫ్ట్‌వేర్ భాగాలు వాడారు. తప్పు పాతదాంట్లోనూ ఉంది, అక్కడ విడిగా ఉన్న హార్డ్‌వేర్ రక్షణలు దాన్ని ఆపేవి. కొత్తదాంట్లో అవి తీసేశారు. 1985-87 మధ్య అమెరికా, కెనడాల్లో ఆరుగురు రోగులకు మోతాదు మించిన రేడియేషన్ తగిలింది. కొందరు చనిపోయారు.

ఇక సీనియర్లు. హైదరాబాద్‌లో కేటీ (నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్, అంటే వెళ్లిపోయేవాళ్లు తమ పని మిగతావాళ్లకు అప్పజెప్పడం) ఎలా జరుగుతుందో మనకు తెలుసు. నోటీస్ పీరియడ్ చివరి వారంలో స్క్రీన్ షేర్ చేసి ఫోల్డర్లు చూపిస్తారు. వెళ్లేవాళ్ల మనసు కొత్త ఉద్యోగం మీద, వినేవాళ్లకు రిలీజ్ టెన్షన్. ఆ రికార్డింగ్ మళ్లీ ఎవరు తెరుస్తారు?

'రాసే టైమ్ లేదు' అనేవాళ్లు పుస్తకాలు రాయక్కర్లేదు. ఏ పరిస్థితిలో, ఏం నిర్ణయించాం, దానివల్ల ఏం వదులుకున్నాం అని ఒక పేజీ చాలు. ఏడీఆర్ (ఆర్కిటెక్చర్ డెసిషన్ రికార్డ్, అంటే నిర్ణయాల నమోదు) పేరుతో చాలా టీమ్‌లు ఇదే చేస్తున్నాయి. ఆ పేజీని కోడ్ ఉన్న రిపాజిటరీలోనే పెడితే, కోడ్ తీసుకెళ్లేవాళ్ల కంట పడుతుంది.