శాంపిల్ ఏ కొళాయిది?

విశాఖ తాగే నీరు ఒక్క చోటి నుంచి వచ్చేది కాదు. ఏలేరు కాలువ, రైవాడ, తాటిపూడి, మేహాద్రిగెడ్డ, ముడసర్లోవ, ఇలా ఎన్నో చోట్ల నుంచి వేర్వేరు లైన్ల మీద వార్డులకు చేరుతుంది. అలాంటి ఊళ్లో 'నగరంలో నీరు సురక్షితం' అనే ఒక్క మాట ఎవరింటి నీటి గురించి? పరీక్ష రిపోర్టు చేతికొస్తే అందరి కళ్లూ ముందు అంకెల మీదకే పోతాయి. నేనైతే శాంపిల్ ఎక్కడ పట్టారు, ఎన్ని గంటలకు పట్టారు అన్న గడి ముందు చూడమంటాను.

శుద్ధి చేసిన చోట కలిపిన క్లోరిన్ ట్యాంకులు, గొట్టాలు దాటి వచ్చేకొద్దీ తగ్గిపోతుంది. 24 గంటలూ సరఫరా ఉండని చోట గొట్టం ఖాళీ అయినప్పుడు, లీకులుంటే పక్క కాలువలోని మురుగును లోపలికి లాక్కుంటుంది. ఈ ముప్పు లైను చివరి వీధులకు, ఒత్తిడి అందని కొండవాలు కాలనీలకు ఎక్కువ. రిజర్వాయర్ దగ్గర పట్టిన శాంపిల్ ఎంత బాగున్నా ఆ వీధుల్లో బిందె నీటికి పూచీ పడదు.

ఇక అంకెలు. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) పెట్టిన ప్రమాణం ఐఎస్ 10500. దాని ప్రకారం 100 మిల్లీలీటర్ల నీటిలో మలం కలిసిందని పట్టిచ్చే ఈ-కోలి బ్యాక్టీరియా ఒక్కటీ కనిపించకూడదు. మిగులు క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు, దానికి సడలింపు లేదు. ఇంతకంటే ఎక్కువగా మన ఇళ్లలో వినిపించేది టీడీఎస్. ఆర్వో మెషిన్ అమ్మడానికి వచ్చినవాళ్లు మీటరు ముంచి చూపించేది అదే. లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిదే, కానీ అది కరిగిన లవణాల లెక్క. మురుగు కలిసిన నీటికి కూడా టీడీఎస్ తక్కువ రావచ్చు. ఆ మీటరుకు క్రిములు కనపడవు.

నా దృష్టిలో అన్నిటికంటే విలువైన గడి క్లోరిన్‌ది. బ్యాక్టీరియా పరీక్ష తేలడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, ఈలోగా ఆ నీరు జనం తాగేసి ఉంటారు. క్లోరిన్ సంగతి కొళాయి దగ్గరే తేలిపోతుంది. చిన్న గాజు గొట్టంలో నీరు పట్టి, ఓటీ (ఆర్థోటోలిడిన్) ద్రావణం చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉంటే పసుపు రంగు తేలుతుంది. పక్కనున్న రంగుల పట్టీతో పోల్చి చూడటమే. రంగే రాకపోతే ఆ వీధి నీటికి రక్షణ లేదన్నమాట. రిపోర్టులో 'ఫిట్' అని ముద్ర ఉండి క్లోరిన్ గడి ఖాళీగా ఉంటే, ఆ ముద్రను నేను నమ్మను.

ఎన్ని శాంపిళ్లు తీశారన్నదీ అడగాల్సిందే. లక్ష దాటిన పట్టణాల్లో రోజూ పరీక్షలు జరగాలని, నెలకు ప్రతి 10 వేల మందికి ఒక శాంపిల్ తీయాలని కేంద్రం తాగునీటి మాన్యువల్ చెబుతోంది. 2011 లెక్కల్లోనే నగర జనాభా 17 లక్షలు దాటింది. అంటే నెలకు కనీసం 170 శాంపిళ్లు. (అపార్టుమెంట్ల సంపుల్లో బోరు నీరు కలుపుకుంటే ఆ పరీక్ష మనమే చేయించుకోవాలి. కార్పొరేషన్ రిపోర్టు సంపు దాకా రాదు.)

ఈ రికార్డులు చూడటం మన హక్కు. 2005 నాటి సమాచార హక్కు చట్టం కాగితాల నకళ్లతో ఆగదు. రిజిస్టర్లు వెళ్లి చూడొచ్చు, ధ్రువీకరించిన నమూనాలు కూడా తీసుకోవచ్చు. అయినా ప్రతివాడూ దరఖాస్తు పెట్టుకుని 30 రోజులు ఎదురుచూడాల్సిన అవసరం ఏముంది? పక్కనే ఒడిశాలో, నేరుగా కొళాయి నీరే తాగొచ్చని 2021లో ప్రకటించిన పూరీలో నీటి నాణ్యత వివరాలు ఊళ్లో తెరల మీద కనిపించేలా పెట్టారు. మన 98 వార్డుల సచివాలయాల్లో నోటీసు బోర్డులున్నాయి. లైను చివరి కొళాయిలో క్లోరిన్ ఎంత, ఆ నెల ఎన్ని శాంపిళ్లు ఫెయిలయ్యాయి, ఫెయిలైన చోట ఏం బాగుచేసి మళ్లీ ఏ తేదీన పరీక్షించారు? ప్రతి నెలా ఈ మూడూ ఆ బోర్డు మీద పెట్టాలి.