గర్వకారణం తర్వాతి వాక్యం

మా జిల్లా పరిషత్ హైస్కూల్లో ప్రేయర్ బెల్లు మోగగానే వేప చెట్టు ముందు వరసల్లో నిలబడేవాళ్లం. లీడర్ ముందుకొచ్చి కుడిచెయ్యి చాపి ప్రతిజ్ఞ ఒక్కో ముక్కా చెప్తుంటే మేం అందుకునేవాళ్లం. "భారతదేశం నా మాతృభూమి. భారతీయులందరూ నా సహోదరులు." సరిగ్గా ఇక్కడ వెనక వరసలో ఎవడో ఒకడు పక్కవాడి చెవిలో "ఒక్కరు తప్ప" అనేవాడు. ఆ జోకు మా బడి సొంతం అనుకున్నాను చాలాకాలం. తర్వాత ఏ ఊరివాళ్లని అడిగినా మా బడిలోనూ ఉండేదన్నారు.

ఇంకొంచెం ముందుకెళ్తే నాలుక తిరగని చోటు వచ్చేది. "సుసంపన్నమైన, బహువిధమైన నా దేశ వారసత్వ సంపద నాకు గర్వకారణం. దీనికి అర్హుడనగుటకై సర్వదా నేను కృషి చేస్తాను." లీడర్ ఊపిరి అందక "అర్హుడ" దగ్గర ఆగేవాడు. మేమూ అక్కడే ఆగి, ఆనక "నగుటకై" అని గట్టిగా అరిచేవాళ్లం. నగుట అంటే నవ్వడం. అలా ఐదేళ్లపాటు, రోజూ పొద్దున్నే, నవ్వడానికి కృషి చేస్తామని దేశానికి మాటిచ్చాం. ఆడపిల్లలు కూడా "అర్హుడ" అనే అనేవాళ్లు. అదేంటని ఎవరూ అడగలేదు. ఇప్పటి పుస్తకాల్లో "అర్హత పొందడానికి" అని మార్చారు, రెండు చిక్కులూ తీరిపోయాయి.

ఎనిమిదో తరగతిలో మా తెలుగు మాస్టారు ఒకరోజు ఆ మాటని బోర్డు మీద విడదీసి రాశారు. అర్హుడను, అగుటకై. దీనికి తగినవాణ్ని కావడానికి అని అర్థం. క్లాసంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. 'గర్వకారణం' అనే మాటకి అర్థం ఎవరూ చెప్పక్కర్లేకపోయింది, దాని తర్వాతి వాక్యానికి మాత్రం బోర్డూ సుద్దముక్కా కావాల్సొచ్చాయి. దేశం పేరు చెబితే మనలో పొంగే ఉద్వేగం గురించి ఎప్పుడు ఆలోచించినా నాకు ఈ రెండు వాక్యాలే గుర్తొస్తాయి. మొదటిది ఊరికే వచ్చేస్తుంది. రెండోది నేర్చుకుంటే గానీ రాదు. మనం మొదటిదాన్ని పండగ చేసుకుని, రెండోదాన్ని మింగేశాం.

ఆ ప్రతిజ్ఞ రాసినాయన పైడిమర్రి వెంకట సుబ్బారావు. నల్లగొండ దగ్గర అన్నెపర్తి ఆయన ఊరు. 1962లో విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు తెలుగులో రాశారు. విశాఖ రాజకీయ నాయకుడు తెన్నేటి విశ్వనాథం చొరవతో అది అప్పటి రాష్ట్ర విద్యామంత్రి పి.వి.జి. రాజు చేతికి చేరింది. 1965 జనవరి 26 నుంచి దేశమంతటా బడుల్లో చదవడం మొదలైంది. దశాబ్దాల తరబడి పాఠ్యపుస్తకాల మొదటి పేజీలో ప్రతిజ్ఞ ఉండేది, రాసినవాడి పేరు ఉండేది కాదు. సరే, అది మన ఆనవాయితీ.

నన్ను ఆపేది ఆ సంవత్సరం. 1962 అంటే చైనాతో యుద్ధం జరిగిన ఏడాది. దేశభక్తి పేరిట ఏం రాసినా అందులో శత్రువు తొంగిచూసే కాలం. అయినా ఆ ప్రతిజ్ఞలో శత్రువు అనే మాట లేదు. నెత్తురు లేదు, ప్రాణత్యాగం లేదు. పెద్దల్ని గౌరవిస్తాను, ప్రతివారితోనూ మర్యాదగా నడుచుకుంటాను అని ఉంది. బిల్లులు పాస్ చేసే ట్రెజరీ ఉద్యోగి, యుద్ధం జరిగిన ఏడాదిలో కూర్చుని, దేశాన్ని ప్రేమించడమంటే మనుషులతో మర్యాదగా ఉండటం అని పిల్లలకి రాసిపెట్టాడు. ఇందులో ఎంత ధైర్యం ఉందో నాకు పెద్దయ్యాక గానీ తెలియలేదు.

అసలు మన భాషలో గర్వం అంత మంచి మాటేం కాదు. "వాడికి గర్వమెక్కువ" అంటే తిట్టినట్టు. పురాణాల్లో గర్వం తలకెక్కిన ప్రతివాడికీ కథ చివర గర్వభంగం రాసిపెట్టి ఉంటుంది. "గర్వంగా ఉంది" అని సభల్లో చెప్పుకోవడం అలవాటయ్యాకే ఆ మాటకి మంచిపేరు వచ్చింది. ఇళ్లలో వాడే మాట అభిమానం. ప్రేమా అదే, పౌరుషమూ అదే. మాటపడితే దెబ్బతినేదీ అభిమానమే, హీరో కటౌట్‌కి పాలు పోసేదీ అభిమానమే. గర్వపడాలంటే పక్కన మనకన్నా తక్కువవాడు ఒకడుండాలి. అభిమానానికి ఆ అవసరం లేదు గానీ, 'దుర్' అని ముందు ఒక్క అక్షరం తగిలిస్తే చాలు, అదీ తిరగబడుతుంది.

ఆగస్టు వచ్చిందంటే మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక జాబితా తిరుగుతుంది. జెండా మనది, ప్రతిజ్ఞ మనది, జనగణమన మన మదనపల్లెది. అన్నిట్లోనూ నిజం ఉంది, ఏదీ పూర్తి నిజం కాదు. జనగణమనను 1911లోనే కలకత్తా కాంగ్రెస్ సభలో పాడారు. మదనపల్లెలో 1919లో ఠాగూర్ దాన్ని ఇంగ్లిష్‌లోకి తిప్పారు, ఐర్లండ్ నుంచి వచ్చిన సంగీతజ్ఞురాలు మార్గరెట్ కజిన్స్ బాణీకి స్వరాలు కూర్చడంలో తోడ్పడ్డారు. జెండా సంగతీ అంతే. భట్లపెనుమర్రు పింగళి వెంకయ్య 1916లోనే జెండా నమూనాలతో పుస్తకం వేశారు, 1921లో బెజవాడలో గాంధీకి ఎరుపు, ఆకుపచ్చ జెండా అందించారు. తెలుపు, రాట్నం తర్వాత కలిశాయి. 1931లో ఎరుపు పోయి కాషాయం వచ్చింది. 1947 జూలై 22న రాట్నం స్థానంలో అశోక చక్రం వచ్చింది. అంటే ఆ గుడ్డ మీద చాలా చేతులు పడ్డాయి. నాకైతే అదే అసలైన అందం. గర్వానికి మాత్రం చాలా చేతులు పనికిరావు, ఒక్క పేరు కావాలి, ఆ పేరు మనదై ఉండాలి. 1963లో పేదరికంలో పోయిన వెంకయ్యకి 2009లో తపాలా బిళ్ల వేశారు. ఆ మధ్య నలభై ఆరేళ్లలో 'మనవాడు' అన్నవాళ్లు ఎందరో లెక్క తీస్తే బాగుండదు.

అదే జాబితాలో ఇంకోటి ఉంటుంది. జనగణమనను యునెస్కో ప్రపంచంలోకెల్లా ఉత్తమ జాతీయ గీతంగా ప్రకటించింది అని. యునెస్కో అలాంటి ప్రకటన ఎప్పుడూ చెయ్యలేదు. ఏళ్లుగా కొట్టిపారేస్తున్నా ఏటా మళ్లీ మొలుస్తుంది. అబద్ధమని చెప్పినవాణ్ని గ్రూపులో అదోలా చూస్తారు. అమ్మ చేతి పప్పు బాగుందనడానికి ఎవరూ సర్టిఫికెట్ అడగరు కదా, ఈ పాటకెందుకు కావాల్సొచ్చిందో!

ఉద్వేగమే అబద్ధమని నేననడం లేదు. 2021 జనవరి 7న సిడ్నీ మైదానంలో జనగణమన వస్తుంటే మన హైదరాబాదీ సిరాజ్ కళ్లు తుడుచుకోవడం దేశమంతా చూసింది. చూసినవాళ్లు దేశభక్తి అన్నారు. ఆట అయ్యాక అతను, నాన్న గుర్తొచ్చాడన్నాడు. ఆటో నడిపి కొడుకుని క్రికెటర్‌ని చేసిన ఆ తండ్రి అంతకు ముందు నవంబరులోనే పోయాడు. కొడుకు ఆస్ట్రేలియాలో ఉండిపోయి ఆఖరి చూపుకి కూడా రాలేదు. ఆ కన్నీళ్లలో దేశమెంత, నాన్నెంత అని ఎవరు విడదీయగలరు? మనందరి సంగతీ దాదాపు అంతే. దేశం అనగానే కదిలేది పటం కాదు. బడి మెట్ల మీద పంచిన చాక్లెట్లు, రేడియోలో కామెంటరీ వింటూ నిద్రపోయిన తాతయ్య, ఎండలో నిలబడి కళ్లు తిరిగి పడిపోయిన స్నేహితుడు. ఇవన్నీ మన సొంతం. వాటికి దేశం అని పేరు పెట్టింది మాత్రం మనం కాదు, మనకి పెట్టి ఇచ్చారు. పేరు పెట్టినవాడు ఆ మూటని ఎటు కావాలంటే అటు మోయించగలడు. చిక్కంతా అక్కడ.

అదే సిడ్నీ టెస్టులో అక్కడి ప్రేక్షకులు సిరాజ్‌ని జాతి పేరుతో తిట్టారు. మనకి ఒళ్లు మండింది, మండాల్సిందే. అదే ఏడాది అక్టోబరులో దుబాయ్‌లో పాకిస్తాన్ చేతిలో ఓడిపోతే, మనవాళ్లే షమీని మతం పేరుతో తిట్టారు. మరుసటి ఏడాది క్యాచ్ వదిలేసిన అర్ష్‌దీప్‌ని ఖలిస్తానీ అన్నారు. గెలిస్తే సహోదరులు, ఓడితే ఒక్కరు తప్ప. మా వెనక వరసవాడి జోకు అంత దూరం పోతుందని అప్పట్లో తెలియదు.

2016లో గోవాలో ఒక సినిమా హాల్లో, వెన్నెముక దెబ్బతిని చక్రాల కుర్చీకే పరిమితమైన మనిషిని, జాతీయ గీతానికి లేచి నిలబడలేదని వెనక సీట్లవాళ్లు కొట్టారు. అతను లేవలేడని వాళ్లకి తెలియదు. తెలుసుకునే ఓపిక కూడా ఆ దేశభక్తికి లేకపోయింది. దీనికి ముప్ఫయ్యేళ్ల ముందు, 1986లో, సుప్రీంకోర్టు ముందుకి కేరళ బడిపిల్లల కేసొకటి వచ్చింది. జాతీయ గీతానికి లేచి నిలబడతారు, తమ మత విశ్వాసం వల్ల పాడరు. అందుకని బడిలోంచి పంపేశారు. తీర్పు రాసింది మన తెలుగు జడ్జి ఓ. చిన్నపరెడ్డి. మర్యాదగా నిలబడ్డారు, అది చాలు, పిల్లల్ని మళ్లీ చేర్చుకోండి అన్నారు. మన సంప్రదాయం సహనం నేర్పుతుంది, మన తత్వం సహనం బోధిస్తుంది, మన రాజ్యాంగం సహనాన్ని ఆచరిస్తుంది, దాన్ని పలచన చెయ్యొద్దు అని ముగించారు. 'మనవాళ్ల' జాబితాలో ఈయన పేరు ఎప్పుడూ కనపడదు. ఈయన ఇచ్చినదాంట్లో ఛాతీ విరుచుకోవడానికేం లేదు మరి.

గర్వం ఎంత రాజకీయమో చూడాలంటే సెప్టెంబరు 17న హైదరాబాద్ వెళ్లాలి. 1948లో ఆ రోజు నిజాం రాజ్యం భారత్‌లో కలిసింది. ఆ రోజుని ఏమనాలో ఇప్పటికీ తేలలేదు. విమోచన అంటారు కొందరు, విలీనం అంటారు కొందరు. సాయుధ పోరాటంలో నడిచినవాళ్లలో కొందరికి అది విద్రోహం, ఎందుకంటే దొరల మీద తిరగబడ్డ పల్లెల మీదికి తర్వాత భారత సైన్యమే వెళ్లింది, 1951 దాకా ఆ పోరు ఆగలేదు. 2022లో ఒకే పొద్దున, ఒకే ఊళ్లో, పరేడ్ గ్రౌండ్స్‌లో కేంద్రం విమోచన దినమంటూ జెండా ఎగరేసింది, పబ్లిక్ గార్డెన్స్‌లో రాష్ట్రం సమైక్యతా దినమంటూ అదే జెండా ఎగరేసింది. రెండేళ్లు తిరక్కుండా ప్రభుత్వం మారి ప్రజాపాలన దినోత్సవం అంది. రజాకార్లు భైరాన్‌పల్లిలో చేసిన ఊచకోత నిజం. నిజాం రాజ్యంలోకి భారత సైన్యం దిగిన పోలీస్ యాక్షన్ వెంట, ఆ తర్వాతా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీయే అంచనా వేసింది, వాళ్లలో ఎక్కువమంది ముస్లింలు. అదీ నిజం. ఏ వేదిక మీదా ఈ రెండు నిజాలూ పక్కపక్కన కూర్చోవు. భైరాన్‌పల్లిలో తాతని పోగొట్టుకున్న మనవడు, అదే నిజాం రాజ్యంలో ఉండిన మరాఠ్వాడాలో తాతని పోగొట్టుకున్న మనవడు ఆ రోజు ఏ జెండా కింద నిలబడాలో చెప్పే మాట మన నిఘంటువులో ఇంకా చేరలేదు.

ఒకప్పుడు ఈ గర్వం అవసరమైంది, ఒప్పుకుంటాను. తెల్లవాడు మీరు దేనికీ పనికిరారని రెండు వందల ఏళ్లు చెప్పినప్పుడు, మేమూ మనుషులమే అనడానికి తల ఎత్తాల్సిందే. అప్పటిది కిందినుంచి పైకి చూసిన చూపు. ఇప్పటి చూపు పక్కింటి మీదికి మళ్లింది, తేడా అదే.

ఆ చూపు మన మీదికి తిరిగితే ఎలా ఉంటుందో కూడా మనకి తెలుసు. 2017 ఫిబ్రవరి 22న అమెరికాలో కాన్సస్ రాష్ట్రం ఓలేథాలో, బార్లో కూర్చున్న ఇద్దరు తెలుగు ఇంజినీర్ల మీద ఒకడు "నా దేశంలోంచి పొండి" అని అరుస్తూ కాల్పులు జరిపాడు. ఒకరు చనిపోయారు. కాల్చినవాడు నౌకాదళంలో పనిచేసినవాడు. తను కాల్చింది ఇరానీయుల్ని అనుకున్నాడు. ఎవర్ని ద్వేషిస్తున్నాడో కూడా తెలియని దేశాభిమానం అది. అదే బార్లో ఇంకో అమెరికన్, ఆ తెలుగువాళ్లెవరో ఎరగనివాడు, తుపాకీ పట్టినవాడి వెంటపడి తనూ తూటా తిన్నాడు. ఇద్దరూ ఆ మట్టివాళ్లే.

మా అక్క కొడుకు డాలస్‌లో ఉంటాడు. పదిహేనేళ్లు వీసాలూ గ్రీన్‌కార్డు లైనూ ఈదుకొచ్చి కిందటేడు అక్కడి పౌరసత్వం తీసుకున్నాడు. మనదేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు కాబట్టి పాత పాస్‌పోర్టు తిరిగి ఇచ్చేశాడు. ప్రమాణం రోజు రాత్రి ఫోన్ చేశాడు. ఇదివరకటి దేశం పట్ల విధేయత పూర్తిగా వదులుకుంటున్నానని చదివించే మాట దగ్గర గొంతు పట్టేసిందా అని అడిగాను. "అదేం లేదు మామయ్యా" అన్నాడు. "అందర్నీ కుడిచెయ్యి ఎత్తమన్నారు. అందరూ పైకెత్తారు. నా చెయ్యి ముందుకి చాపుకుంది. పక్కన మెక్సికో ఆవిడ వింతగా చూస్తే అప్పుడు తెలిసి, పైకెత్తాను."