చెమటోడ్చి పెట్టిన సంతకం

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. చెన్నైలో రోళ్లు ఎవరింట్లో మిగిలాయో గానీ, నిన్న నా సంతకం మాత్రం పగిలింది.

బావమరిది పెళ్లి, కొత్త ఏటీఎం కార్డు ఇంకా రాలేదు, మిట్టమధ్యాహ్నం మాంబళం స్టేషన్‌లో దిగి టీనగర్ బ్రాంచికి నడిచాను. ఆటో ఎందుకు ఎక్కలేదని మా ఆవిడ అడిగింది చాలు, మీరు అడక్కండి. లోపల గోడకి ‘ఏసీ రిపేరులో ఉంది’ అన్న కాగితం. దాన్ని లామినేషన్ కూడా చేయించారు. ఇక ఎప్పటికి బాగవుతుందో మీరే ఊహించుకోండి.

సెల్ఫ్ చెక్కు వెనకాల సంతకం పెట్టమంది కౌంటర్లో అమ్మాయి. అక్కడ తాడుంది, తాడుకి పెన్ను లేదు. నా జెల్ పెన్నే తీశాను.

నా పేరు సుబ్రహ్మణ్యం. సంతకం తెలుగులో. ‘సు’ కొమ్ము దాకా బాగానే వచ్చింది. ‘బ్ర’ కింద క్రావడి తిప్పుతుంటే పెన్ను సబ్బుముక్కలా జారింది. ‘హ్మ’ దగ్గర అరచెయ్యి కాగితానికి అతుక్కుంది. చెయ్యెత్తితే చెక్కూ లేచొచ్చింది. ఎండకి ఒళ్లు చేసే పనే అది. లోపలి వేడిని బయటికి తోలడానికి చర్మంలోని రక్తనాళాలు వెడల్పవుతాయి, గుండె వేగం పెంచుతుంది, చెమట పోస్తుంది. ఆ చెమట ఆరితేనే చల్లదనం. సముద్రం పక్కన, గాలే తడిగా ఉండే ఊళ్లో అది ఆరేదెప్పుడు? మోచేతి దాకా జారి, అక్కడ కాసేపు ఆలోచించి, సరిగ్గా చివరి సున్నా మీద పడింది. సున్నా పావలా అంతయింది.

“సైన్ టాలీ ఆగల సార్” అంది ఆ అమ్మాయి తమిళంలో. సంతకాలు కలవలేదట.

చెక్కు ముందువైపు సంతకం ఇంట్లో ఫ్యాన్ కింద పెట్టింది. అది నాదే. వెనకది ఎవరిదో. పక్కన ఇంకోటి పెట్టమంది. ఒంటి మీద చెమట వేడికి పడితే, అరచేతుల్లో చెమట ముఖ్యంగా టెన్షన్‌కి పడుతుంది. ఆ అమ్మాయేమో రెప్ప వేయకుండా నా వేళ్లనే చూస్తోంది! పైగా ఒంటి బరువులో నూటికి రెండు వంతుల నీరు పోయినా ఏకాగ్రత చెదురుతుంది, వేళ్లు మాట వినవు. కొత్త సంతకంలో ‘హ్మ’ కనిపించనే లేదు.

వెనక లైన్లో పెద్దాయన ముందుకొంగి చూశారు. “ఇదేం ఎండ బాబూ! 2003 మే 31న నుంగంబాక్కంలో 45 డిగ్రీలు కొట్టింది. ఆ రోజు కూడా నా సంతకం కుదిరింది. పోనీ, నువ్వు వేలిముద్ర వేసేయరాదూ?”

నేను ఎమ్మే తెలుగండీ!

మేనేజర్ దగ్గరికి వెళ్లాను. ఆయన టేబుల్ ఫ్యాన్ తిరుగుతోంది, కానీ తల తిప్పదు, ఆయన మొహానికే అంకితం. ఏసీలో తీసుకున్న నమూనా సంతకంతో ఈ ఆవిరిలో పెట్టిన సంతకాన్ని పోల్చడం ఏం న్యాయమని అడిగాను. “సంతకం మార్పు ఫారం నింపండి సార్” అన్నాడు. తీసుకున్నాను. మొదటి గడి: ‘పాత సంతకం, రికార్డులో ఉన్నట్టే పెట్టవలెను.’

కుర్చీ ఫ్యాన్ ముందుకి జరుపుకున్నాను.

“సార్, అది స్టాఫ్‌కి.”