గేటు మూయకండి
హైస్కూళ్లలో అమెరికన్ ఫుట్‌బాల్‌కి వసంతకాలంలో పెట్టే స్ప్రింగ్ ప్రాక్టీస్‌కి తల్లిదండ్రుల్ని రానివ్వకూడదని ఒక వ్యాసంలో రాసినదాన్ని నేను ఒప్పుకోను. మేం ఉండేది టెక్సాస్‌లో, డాలస్ దగ్గర. ఇక్కడ 5ఏ, 6ఏ హైస్కూళ్లు, అంటే ఎక్కువమంది పిల్లలుండే పెద్ద స్కూళ్లు, స్ప్రింగ్‌లో ఫుట్‌బాల్ ప్రాక్టీస్ పెట్టుకుంటే ఆగస్టులో సీజన్ ప్రాక్టీస్ ఒక వారం ఆలస్యంగా మొదలుపెట్టాలి, అయినా చాలా స్కూళ్లు పెట్టుకుంటాయి, ఎందుకంటే స్కోరు టెన్షన్ లేకుండా ఏ పిల్లాడు ఎక్కడ పనికొస్తాడో తెలిసేది అప్పుడే. మావాడు తొమ్మిదో క్లాసంతా బెంచీ మీదే ఉన్నాడు. మొన్న మేలో కార్నర్‌బ్యాక్‌గా, అంటే అవతలి టీంలో బంతి పట్టుకునేవాళ్లని అడ్డుకునే చోట, నిలబెట్టి చూశారు, వెనక్కి పరిగెత్తేటప్పుడు కాళ్లు తడబడుతుంటే కోచ్ మోకాళ్లు వంచమని చెప్పి పదిసార్లు చేయించాడు, నేను గ్యాలరీలో కూర్చుని అదంతా చూశాను. తలకి దెబ్బ తగిలితే వెంటనే పక్కకి తీసుకెళ్తున్నారో లేదో కూడా కళ్లారా చూసుకోవాలి కదండీ! ప్లేలు, అంటే ఆటలో వేసే ఎత్తుగడలు, అవతలి టీంకి తెలిసిపోతాయని భయమైతే ఫోన్‌లో వీడియో తీయొద్దనండి, చాలు.