మార్కోవా అటక మీద ఎనిమిది మంది

ఆగ్నేయ పోలండ్‌లోని మార్కోవా గ్రామానికి చెందిన రైతు యూజెఫ్ ఉల్మా పళ్లతోట వేశారు, తేనెటీగలను, పట్టుపురుగులను పెంచారు, కెమెరా చేతబట్టి భార్య విక్టోరియానూ పిల్లలనూ ఫొటోలు తీశారు. ఆ ఇంట్లో మిగిలిన ఒక ఫొటోపై నెత్తుటి మరకలు ఇప్పటికీ కనిపిస్తాయి.

గెట్టో (యూదులను నిర్బంధించి ఉంచిన వాడ) దాటిన యూదులకే కాక, తెలిసి వారికి ఆశ్రయమిచ్చిన వారికీ మరణశిక్షేనని నాజీ జర్మనీ ఆక్రమించిన పోలండ్‌లో జర్మన్ పాలకుడు హన్స్ ఫ్రాంక్ 1941 అక్టోబరు 15న ఉత్తర్వు జారీ చేశాడు. అది తెలిసే ఉల్మా దంపతులు సౌల్ గోల్డ్‌మన్, ఆయన నలుగురు కొడుకులు, మరో ఇద్దరు స్త్రీలు, ఒక పసిపాప, మొత్తం ఎనిమిది మందిని తమ అటక మీద దాచారు. వచ్చినవారు తోళ్లు పదును చేసే పనిలో ఆసరా అయ్యారు. ఒక్క కొంపలో పదహారు మంది తినే తిండి ఇరుగుపొరుగు కంట పడకుండా ఎన్నాళ్లు దాగుతుంది?

1944 మార్చి 24 తెల్లవారుజామున వచ్చిన జర్మన్ పోలీసులు మొదట యూదులను, తర్వాత ఇంటి ముందు యూజెఫ్‌ను, నిండు చూలాలైన విక్టోరియాను, చివరికి ఆరుగురు పిల్లలను కాల్చి చంపారు. పెద్దపిల్లకు ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. ఆచూకీ చెప్పాడని చరిత్రకారులు అనుమానించేది మాత్రం ఒక పోలిష్ పోలీసునే. దాచమని తనకు అప్పగించిన గోల్డ్‌మన్ కుటుంబ ఆస్తిపై అతడు కన్నేశాడంటారు.

ఉల్మా దంపతులను 1995లో యూదుల మారణహోమాన్ని స్మరించే ఇజ్రాయెల్ సంస్థ యాద్ వషేమ్ గౌరవించింది. 2023 సెప్టెంబరులో కాథలిక్ చర్చి కుటుంబమంతటినీ ధన్యజీవులుగా ప్రకటించింది. ఇవన్నీ తగినవే. అయితే మార్చి 24ను యూదులను కాపాడిన పోలిష్ ప్రజల స్మారక దినంగా నిర్ణయించిన 2018లోనే, నాజీ నేరాల్లో పోలిష్ జాతికి భాగముందనడాన్ని జైలుశిక్ష పడే నేరంగా చేస్తూ ప్రభుత్వం చట్టం తెచ్చింది. విదేశాల నుంచి నిరసన రేగాక కొద్ది నెలలకే ఆ శిక్షను తొలగించింది. ఆ చట్టం తేవడంలోని తొందరపాటే మాకు అభ్యంతరకరం. 1942 డిసెంబరులో జర్మన్ల ఆజ్ఞపై ఇదే మార్కోవాలో గాలింపు జరిపి యూదులను పట్టి అప్పగించింది ఊరివాళ్లే. ఆ సంగతిని పక్కకు నెడితే ఉల్మా దంపతులు జర్మన్లకే కాక, సాటి గ్రామస్థుల చూపుకూ ఎంత భయపడుతూ బతికి ఉంటారో అర్థం కాదు.

కాల్పుల మోత ఊరంతా విన్న ఆ రోజున కూడా మార్కోవాలోని మరికొన్ని ఇళ్లలో యూదులు దాగి ఉన్నారు. ఆ ఇళ్లవారు వారిని బయటికి పంపలేదు. యుద్ధం ముగిసేనాటికి ఇరవై మంది దాకా ప్రాణాలతో మిగిలారు.