నిండుగా పెట్టండి, అల్లుడుగారూ

ఆయిల్ మూత తీసి చూస్తే లోపల డిగ్రీ కాఫీ కనిపించింది. మాంబళంలో ఏ హోటల్లోనైనా ఆ రంగు, ఆ నురగ చూస్తే ప్రాణం లేచొస్తుంది. కారు ఇంజిన్లో చూస్తే మాత్రం ప్రాణం పోతుంది. రేడియేటర్ నీళ్ళు ఆయిల్లో కలుస్తున్నాయన్నమాట. వెనక గొట్టంలోంచి తెల్లటి ఆవిరి వస్తోందని మా ఆవిడ వారం నుంచి చెబుతూనే ఉంది. చలికాలం కదా అన్నాను. చెన్నైలో చలికాలం!

కారు మా మామగారిది. ఏ కంపెనీదో చెప్పను. చెబితే ఆ కారంటే పడిచచ్చేవాళ్ళు నా మీద పడతారు. “వాడుకోండి” అని పదేళ్ళ కిందట ఇచ్చారు కానీ, నెల్లూరు నుంచి వచ్చినప్పుడల్లా దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి కొత్త గీతలు లెక్కపెడతారు. 2019 వేసవిలో చెన్నై చెరువులన్నీ ఎండిపోయి ఊరంతా బిందెలతో ట్యాంకర్ల వెనక పరుగెత్తినప్పుడు ఆయన కారుకి నేను పట్టించింది ఉప్పు బోరు నీళ్ళు. ఆ సంగతి ఇంతవరకూ ఆయనకి చెప్పలేదు.

హెడ్, అంటే ఇంజిన్ పైభాగం, విప్పితే పాపం బయటపడింది. దాని కింద నీళ్ళూ ఆయిలూ కలవకుండా అడ్డుండే గ్యాస్కెట్ రేకు ఒకచోట తినేసి ఉంది. స్టడ్డులు కొన్ని మెడ దగ్గర తుప్పుపట్టి, ఏకాదశి ఉపవాసాలు చేసినట్టు సన్నబడ్డాయి. స్టడ్డంటే బోల్టు కాదు. రెండు చివర్లా మరలున్న కడ్డీ. కింది కొస ఇంజిన్ బ్లాకులో దిగుతుంది, పైనుంచి హెడ్ కూర్చుంటుంది, ఆ పైన వాషరు, నట్టు. మా ఇంజిన్లో కొన్ని స్టడ్డుల రంధ్రాలు అడుగున నీళ్ళ దారిలోకి తెరుచుకుంటాయి. వాటి మరలకి సీలెంట్ పేస్టు రాయకపోతే నీళ్ళు మర వెంబడే మెట్లెక్కినట్టు పైకి వస్తాయి. మిగతావి అడుగు మూసుకున్న గుంటలు. వాటికి పేస్టుతో పని లేదు, శుభ్రంగా, పొడిగా ఉంటే చాలు.

ఇదంతా నాకు పుదుప్పేటలో ఒక భాయ్ చెప్పాడు. పుదుప్పేటలో కారు ఏ అవయవానికి ఆ అవయవం దొరుకుతుంది, ఓపికుంటే ఇంటికి తెచ్చి అతికించుకోవచ్చు. స్టడ్డులు, గ్యాస్కెట్, పేస్టు ట్యూబు పొట్లం కట్టిస్తూ ఆయన “సార్, పేస్టు నీళ్ళలో దిగేవాటికే. పల్చగా. స్టడ్డు చేత్తోనే తిప్పండి, పానా పెట్టొద్దు” అన్నాడు. బుద్ధిగా తలూపాను.

ఇంటికొచ్చేసరికి మామగారు తెల్లటి గ్లాస్గో పంచెతో, బానెట్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

“కొన్నిటికే ఏమిటండీ?” అన్నారు భాయ్ మాట చెప్పగానే. “పెట్టేదేదో అన్నిటికీ పెట్టండి. మళ్ళీ మళ్ళీ విప్పుతామా?”

“పల్చగా రాయమన్నాడు, మావయ్యగారూ.”

“వాళ్ళకి పొదుపు. నిండుగా పెట్టండి, అల్లుడుగారూ.”

అల్లుడన్నవాడు ఎక్కడ ఎదురు చెబుతాడు? మర మీద రాయాల్సిన పేస్టుని, రంధ్రాల్లోకే పిండాను. పప్పన్నంలో గుంట చేసి నెయ్యి పోసినట్టు ప్రతి గుంటా నింపాను. ట్యూబు చప్పిడి అయిపోయింది. మామగారు మెచ్చుకోలుగా చూశారు.

నీళ్ళ దారిలోకి తెరుచుకున్న రంధ్రాల్లో స్టడ్డులు హాయిగా దిగాయి, అదనపు పేస్టు కిందికి జారిపోయింది. (అదీ మంచిది కాదట. తర్వాత తెలిసింది.) మూసుకున్న గుంటల్లోవి మాత్రం దిగనని మొరాయించాయి. వాటిలో ఒకటైతే పెళ్ళి గ్రూప్ ఫోటోలో ముని వేళ్ళ మీద నిలబడ్డ పొట్టివాడిలా అర అంగుళం పైకి నిక్కింది.

“రెండు నట్లు ఒకదానికొకటి బిగించి పానా వేయండి” అన్నారు మామగారు. వేశాను. కదల్లేదు. “పానాకి పైపు తొడగండి.” పెరట్లోంచి మూడడుగుల పైపు తెచ్చాను. తొడిగి బలం పట్టబోతుంటే ఎందుకో భయమేసి భాయ్‌కి ఫోన్ చేశాను. నేనింకా పైపు అనే మాట పూర్తి చేయలేదు.

“సార్! చెయ్యి తీయండి!”

స్కూటరు మీద ఇరవై నిమిషాల్లో వచ్చాడు. మూసిన గుంటలో ఆయిలో పేస్టో నిండి ఉంటే, పైనుంచి స్టడ్డు దిగుతుంటే, అది ఎక్కడికి పోతుంది? నలగదు, కుదించుకోదు. ఇంకో పావు చుట్టు తిప్పితే గుంట గోడని చీల్చుకుని పోతుందట, బ్లాకుతో సహా. బ్లాకు పగిలితే కారు మొత్తం పుదుప్పేటకి తిరిగి వస్తుందన్నాడు, ఈసారి అమ్మకానికి.

“మూసిన పాత్రలోని ద్రవంపై కలిగించిన పీడనం అన్ని దిక్కులకూ సమానంగా ప్రసరిస్తుంది” అన్నారు మామగారు, ఆకాశం వంక చూస్తూ. “పాస్కల్ నియమం. ముప్పయ్యేళ్ళు చెప్పాను ఇంటర్ పిల్లలకి.”

భాయ్ నా వంక చూశాడు. నేను నేల వంక చూశాను.

స్టడ్డులన్నీ ఊడదీసి, గుంటల్లో థిన్నర్ పోసి నానబెట్టాం. వీధి చివర పంక్చర్ షాపు కుర్రాడు చిన్న కంప్రెసర్ తెచ్చాడు. గొట్టం పెట్టేముందు రంధ్రం మీద గుడ్డ కప్పాలని భాయ్ చెప్పాడు. గుడ్డ కోసం నేను లోపలికి వెళ్ళాను. ఈలోపు మామగారు, సైన్సు మనిషి కదా, గుంటలో ఎంత మిగిలిందో చూద్దామని కళ్ళజోడు సవరించుకుని వంగారు. కుర్రాడికి ఈ సంగతులేవీ తెలియవు. మీట నొక్కాడు.

నేను బయటికి వచ్చేసరికి మామగారు మొహం నుంచి మోకాళ్ళ దాకా చింతపండు పులుసు రంగులో ఉన్నారు. తుప్పు, పేస్టు, థిన్నర్, 2019 నాటి బోరు నీళ్ళ అవశేషాలు. కళ్ళజోడు ఉండబట్టి కళ్ళు బతికాయి. జోడు తీస్తే అది ఉన్నచోట మాత్రమే ఆయన కనిపించారు.

“అన్ని దిక్కులకూ సమానంగా...” అని ఎవరో అన్నారు. మా ఆవిడేనని ఆయన ఇప్పటికీ నమ్మరు.

తర్వాత పని మాటామంతీ లేకుండా జరిగింది. గుంటలు అద్దంలా తుడిచాం. కొత్త ట్యూబు, అవసరమైనవాటి మర మీదే పల్చటి పూత. స్టడ్డులు వేళ్ళతో తిప్పితే చివరిదాకా దిగి ఆగాయి. గ్యాస్కెట్, హెడ్, వాషర్లు, నట్ల కింద చుక్క ఆయిల్. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచిని భాయ్ తన చేతిలోనే పెట్టుకున్నాడు, ఎందుకో నాకివ్వలేదు. నట్లు ఒకేసారి బిగించలేదు. నడిమి నుంచి మొదలుపెట్టి అటొకటి ఇటొకటిగా అంచులకి, మూడు దఫాలుగా. పెనం మీద దోసె పిండి నడిమి నుంచి పరుచుకుంటూ పోతామే, అదే వరస. హెడ్ ఒక పక్కకి వంగకుండా సమంగా కూర్చోవాలంటే అదే పద్ధతి. దోసె మాటకి మా ఆవిడ వంటింట్లోంచి తొలిసారి ఆసక్తిగా తొంగిచూసింది.

పేస్టు ఆరడానికి రాత్రంతా వదిలేశాం. పంచె మాత్రం మూడు ఉతుకుల తర్వాత కూడా రంగు వదల్లేదు. అత్తగారు దాన్ని నాలుగు ముక్కలు చేసి నా పనిముట్ల పెట్టెలో పెట్టారు.

పొద్దున్నే తాళం తిప్పబోతూ చూస్తే మామగారు లేరు. గేటు బయట, వీధికి అవతలి పక్క, నల్ల లుంగీలో నిలబడి ఉన్నారు.

“కానివ్వండి, అల్లుడుగారూ” అన్నారు అక్కణ్ణించే.